ఎముక ఆగేదాకా

నేను ఇప్పుడు పనిచేసే పళ్ల ఆసుపత్రిలో మైనంతో పని దాదాపు లేదు. నోట్లో చిన్న కెమెరా తిప్పితే చాలు, పళ్ల వరుస మొత్తం తెర మీదికి వచ్చేస్తుంది. అయినా మొన్న కొత్తగా చేరిన చిన్న డాక్టరు ఎవరికో పై పళ్లూ కింది పళ్లూ ఎలా కలుస్తున్నాయో చూడడానికి గులాబీ రంగు మైనం ముక్క ఒకటి స్పిరిట్ దీపం మీద పట్టాడు. నేను పక్క గదిలో పనిముట్లు కడుగుతున్నాను. ఆ వాసన తలుపు సందులోంచి వచ్చి తగలగానే చేతిలోని బ్రష్ ఆగిపోయింది. కొంచెం తియ్యగా, కొంచెం మాడినట్టుగా ఉండే వాసన. అందరికీ అది మైనం వాసన, నాకు మాత్రం ఒక మనిషి వాసన. కామేశ్వరి డాక్టరమ్మ చీర కొంగుకీ, వేళ్లకీ, సగం తాగి మరిచిపోయిన టీ కప్పుకీ కూడా అదే వాసన ఉండేది.

ఆవిడ వంకర పళ్లు సరిచేసే డాక్టరు. ఢిల్లీ ద్వారకలో ఒక మార్కెట్ మేడ మీద చిన్న క్లినిక్ ఉండేది. కింద మందుల దుకాణం, పక్కన స్టేషనరీ షాపు. సొంతూరు రాజమండ్రి. చదువుకోడానికి ఢిల్లీ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. పొట్టి మనిషి, నేత చీర, దాని మీద తెల్ల కోటు, కోటు జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలూ రబ్బరూ. బోర్డు మీద పళ్ల బొమ్మ ఉన్నా ఆవిడ చూసేది పళ్లను కాదు, ముఖాలను. ఎదిగే వయసు పిల్లల ముఖం ఎటు పెరుగుతోంది, రెండు వైపులా ఒకేలా పెరుగుతోందా లేదా అన్నదే ఆవిడ ధ్యాస. మెట్రోలో కూడా ఊరుకునేవారు కాదు. ఒకసారి నా చెవి దగ్గరికి వంగి, "ఆ ఎదురుగా కూర్చున్నాయన చిన్నప్పుడు గడ్డం మీద పడ్డాడే" అన్నారు. మీకెలా తెలుసంటే, "ఇందాక ఆవులించాడుగా. దవడ నేరుగా దిగలేదు, ఒక పక్కకి జారింది. ఆ పక్క కీలు దెబ్బతింది" అన్నారు. ఆ పెద్దమనిషి మమ్మల్ని చూసి నోరు గట్టిగా మూసేసుకున్నాడు. దిగేదాకా ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం.

నేను ఆ క్లినిక్‌లో చేరింది మా ఆయన సైన్యంలో డ్రైవరుగా రిటైరయ్యాక. మాది శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. కంటోన్మెంటు క్వార్టరు ఖాళీ చేసి పాలంలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆయన గుర్గావ్ ఆఫీసు కార్లు నడిపేవారు. అమ్మాయి శిరీష ఇక్కడే పుట్టి ఇక్కడే బడికి పోయింది కాబట్టి ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన చేయలేదు. తెలుగు డాక్టరమ్మకి ఆయా కావాలట అని ఎవరో చెబితే వెళ్లాను. పనిముట్లు కడగడం, కుర్చీ తుడవడం, ఏడ్చే పిల్లల చెయ్యి పట్టుకోవడం నా పని. చదువు నాకు లేదు. సంతకం చేయాల్సిన చోట బొటనవేలే వేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఎక్స్‌రేలు చూసే లైటు పెట్టె మీద దుమ్ము తుడుస్తున్నాను. దాని మీద ఎవరో పిల్లాడి తల ఫిల్ము ఉంది. తెల్లగా మెరిసే దవడ అంచు వెంట ఊరికే వేలు పెట్టి నడిపాను. చెవి దగ్గర మొదలై కిందికి దిగి, మలుపు తిరిగి, గడ్డం దాకా వచ్చి, మళ్లీ అవతలి చెవి దగ్గరికి ఎక్కింది నా వేలు. వెనక ఆవిడ నిలబడి ఉన్నారని చూసుకోలేదు. తిడతారనుకున్నాను. ఆవిడ ఫిల్ము మీద పల్చని కాగితం పరిచి, జేబులో పెన్సిలు తీసి నా చేతికిచ్చారు.

"ఇప్పుడు దీంతో నడిపించు."

"నాకు అక్షరమే రాదమ్మా. పెన్సిలు పట్టుకోడం కూడా తెలీదు."

"అక్షరం రాయమన్నానా? కనిపించిన అంచు వెంట వెళ్లమన్నాను."

అలా నేను నా పేరు రాయడం కంటే ముందు మనుషుల దవడలు గీయడం నేర్చుకున్నాను. గుర్తుపట్టడం నేర్చుకున్న మొదటి అక్షరం కూడా తెలుగుది కాదు, ఫిల్ము మూల కుడివైపుకి గుర్తుగా ఉండే ఇంగ్లీషు అక్షరం. ఫిల్ము తిరగేస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది, అందుకని ముందు దాన్ని వెతకమనేవారు. ఆ తరువాత, పేషెంట్లు లేని ఎండాకాలపు మధ్యాహ్నాల్లో, వాడేసిన ట్రేసింగ్ కాగితాల వెనక అ, ఆలు మొదలుపెట్టించారు. నలభై దగ్గరపడుతున్నదాన్ని, ఇప్పుడేటి చదువులమ్మా అని గొణిగితే, "ఎముక పెరగడానికి వయసుంది పైడమ్మా. దీనికి లేదు. కూర్చో" అన్నారు. అచ్చులు గుండ్రంగా రాకపోతే మొట్టికాయ కూడా వేసేవారు. నా మొదటి ఉత్తరం మా అక్కకి రాసినప్పుడు తప్పులన్నీ దిద్ది, చివర్లో, "మీ అక్కకి చదవడం వచ్చా?" అని అడిగారు. రాదన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వారు. అయినా పోస్టు చేయమన్నారు.

శిరీష సంగతి ఆవిడ కనిపెట్టింది మా ఇంటి తాళంచెవి కారణంగా. బడి నుంచి వస్తూ అది తీసుకుపోదామని క్లినిక్ గుమ్మంలోకి వచ్చింది. పదమూడు నిండిన పిల్ల. "మమ్మీ, చాబీ" అంది అంతే. డాక్టరమ్మ చేస్తున్న పని ఆపి, పిల్లను కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక ఐస్‌క్రీమ్ పుల్ల అడ్డంగా పళ్ల మధ్య పెట్టి కొరకమన్నారు. అది ఆవిడ పద్ధతి. ఏ పిల్లకైనా మొదటి పరీక్ష అదే. పుల్ల కళ్ల వరసకి సమానంగా అడ్డంగా ఉంటే సరే. శిరీష కొరికిన పుల్ల ఒక పక్కకి వాలింది. గోడకి వేలాడదీసిన పటం ఒరిగినట్టుగా, కొంచెమే. పిల్ల కళ్ల ముందు రోజూ తిరుగుతున్నా నేను చూడలేదు. తల్లి రోజూ చూసే ముఖాన్ని కొలవదు కదా.

ఎక్స్‌రే తీశాక ఆవిడ నా రెండు చూపుడు వేళ్లనూ శిరీష రెండు చెవుల ముందు పెట్టించి, పిల్లను నోరు తెరవమన్నారు. నా వేళ్ల కింద రెండు గుండ్రని ముక్కలు కదిలాయి. "అవే దవడ కీళ్లు. దవడ పెరిగేది చాలామటుకు అక్కడే. నీ కూతురికి కుడివైపు కీలు ఎడమవైపు దానికంటే ఎక్కువ పెరుగుతోంది. అందుకని గడ్డాన్ని ఎడమకి తోస్తోంది. ఎందుకంటావా, తెలీదు. నువ్వు చేసిందేం కాదు." ఇది చెబుతూ ఆవిడ నా ముఖంలోకి సూటిగా చూశారు. మా వైపు పసిబిడ్డకి నలుగు పెట్టేటప్పుడు ముక్కు నిలబెట్టడం, దవడలు ఒత్తడం అలవాటు. నేను క్వార్టర్లో ఒంటరిదాన్ని, సరిగా ఒత్తలేదని నా మనసులో అప్పుడే మొదలైన సంగతి ఆవిడ ఎలా పసిగట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆపరేషన్ చేస్తే సరిపోద్దా అమ్మా?"

"సరిపోతుంది. కానీ ఇప్పుడు గడ్డం సరిచేస్తే, ఆ కీలు మళ్లీ పెరుగుతుంది, మళ్లీ పక్కకి తోస్తుంది. ఎముక ఆగేదాకా ఆగాలి. ఆడపిల్ల కాబట్టి నాలుగేళ్లు, అయిదేళ్లు. ఈలోగా ఇంకా వంకర పోతుంది కూడా. అది తెలిసే ఆగాలి. ఆరేసి నెలలకి ఫొటో, ఎక్స్‌రే తీద్దాం. పాత గీత మీద కొత్త గీత పెడితే రెండూ ఒకటిగా కలిసిపోయిన రోజు నేనే తీసుకెళ్లి సర్జన్‌కి అప్పగిస్తాను."

ఈ మాటలన్నీ తెలుగులో, కుర్చీకి అటూ ఇటూ నిలబడి, మధ్యలో పడుకున్న పిల్ల తల మీదుగా మాట్లాడుకున్నాం. శిరీష పైన వెలిగే దీపాన్నే చూస్తోంది. అది ఇంట్లో కూడా మా తెలుగుకి హిందీలోనే బదులిచ్చేది. అన్నం తిన్నావా అంటే "ఖా లియా", పుస్తకం తీయి అంటే "అచ్ఛా, రుకో నా." దానికి మా భాష తిండికీ నిద్రకీ సరిపడా మాత్రమే వచ్చని మేం నమ్మాం. ఢిల్లీలో పిల్లల్ని పెంచిన మా తెలుగు వాళ్లందరికీ ఈ నమ్మకం ఉంది. చాటుగా చెప్పుకోవలసినవి పిల్లల ఎదుటే తెలుగులో చెప్పేసుకుంటాం. దిగేటప్పుడు దానికి డాక్టరమ్మ హిందీలో చెప్పింది ఒక్కటే, అంతా సరైపోతుందని: "కుఛ్ నహీ బేటా, సబ్ ఠీక్ హో జాయేగా."

ఆ తరువాతి ఏళ్లలో మా గదిలో అద్దం ఒకటి అల్మారా వెనక్కి పోయింది. బడి అసెంబ్లీలో రోజూ వార్తలు చదివే పిల్ల, గొంతు బావుంటుందని టీచర్లు ఏరి నిలబెట్టిన పిల్ల, ఆ పని మానేసింది. క్లాసులో ఎవరో టేఢీ, అంటే వంకరది, అని పేరు పెట్టారని దాని స్నేహితురాలు చెబితే తెలిసింది. చలికాలం పొగమంచుకి అందరూ మాస్కులు పెట్టుకుంటారు, హోలీ నాటికి తీసేస్తారు. శిరీష ఎండాకాలంలోనూ తీయలేదు. "ధూళి ఎలర్జీ" అనేది. ఫొటోల రోజు వస్తే ముందు రోజు నుంచే అన్నం సరిగా తినేది కాదు. డాక్టరమ్మ ఎదురుగా ఒకటి, అటు పక్కా ఇటు పక్కా ఒకటి, పుల్ల కొరికి ఒకటి తీసేవారు. తరువాత లైటు పెట్టె మీద నేను గీసేదాన్ని. నా కూతురి దవడ నా చేత్తో నేనే గీశాను. పాత గీత, కొత్త గీత. గడ్డం దగ్గర రెంటి మధ్య సందు. ప్రతిసారీ ఆ సందు ఉండేది.

ఒకసారి మా ఆయన పట్టుబట్టి, దాన్ని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి సర్జన్, కావాలంటే పెరుగుతున్న కీలు కొసను ఇప్పుడే కోసేయొచ్చు, పెరగడం ఆగిపోతుంది, తరువాత ఇంకో ఆపరేషన్ పడినా పడొచ్చు అన్నాడట. వాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని ఆశగా క్లినిక్‌కి వచ్చి డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ కొట్టిపారేయలేదు. "అది కూడా ఒక దారే. తప్పు దారి కాదు. కొందరు అలాగే చేస్తారు. కీలు కొయ్యడం నాకు మనసొప్పదు, అంతే. ఎదిగే పిల్ల కీలు అది. జీవితాంతం నమలాలి, మాట్లాడాలి. నేనైతే ఆగుతాను." మా ఆయన ఒక్క మాట అన్నారు: "మీరు ఆగమంటే ఆగుతామండి." ఆ సంభాషణ కూడా తెలుగులోనే జరిగింది. శిరీష సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. నేను అప్పుడు గమనించలేదుగానీ ఇప్పుడు తలుచుకుంటే, దాని బొటనవేలు తెర మీద కదలడం లేదు.

గీతలు కలిశాయి. దానికి పద్దెనిమిది నడుస్తుండగా, ఒకసారి కాదు, వరసగా రెండుసార్లు కలిశాయి. డాక్టరమ్మ ఆ కాగితాలు కిటికీ వెలుగుకి పెట్టి చూసి, నా వీపు మీద గట్టిగా ఒక చరుపు చరిచారు. సర్జన్ దగ్గరికి చెప్పినట్టే ఆవిడే తీసుకెళ్లారు. ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డం ముక్కుకి సరిగ్గా కిందికి వచ్చింది. దవడలు కదలకుండా రబ్బర్లు వేశారు కాబట్టి కొన్ని వారాలు జావలూ సూపులూ తప్ప ఏమీ లేవు, మాట లేదు. డాక్టరమ్మ వార్డుకి వచ్చినప్పుడు వాచిన ముఖంతో ఉన్న శిరీష గోడవైపు తిరిగింది. నొప్పేమో అనుకున్నాం. ఆవిడ దాని పాదాల మీద దుప్పటి సర్ది వెళ్లిపోయారు.

రబ్బర్లు తీశాక ఒక సాయంత్రం కింది పెదవి ఇంకా మొద్దుబారి ఉందని తుడుచుకుంటూ కూర్చుంది. నేను ముద్దపప్పు మెత్తగా కలిపి తెచ్చి, "డాక్టరమ్మకి ఒకసారి కనిపించి రారాదూ, ఎంత సంతోషిస్తారో" అన్నాను. అప్పుడు అది మాట్లాడింది. పెదవి సరిగా కదలక మాట కొంచెం నానింది, కానీ మొత్తం తెలుగే. అదీ మా శ్రీకాకుళం తెలుగు కాదు, డాక్టరమ్మ రాజమండ్రి తెలుగు.

"ఈలోగా ఇంకా వంకర పోతుంది కూడా, అది తెలిసే ఆగాలి అన్నారావిడ. పదమూడేళ్ల వయసు నుంచి నాకది తెలుసు. మీరిద్దరూ నా మీదుగా మాట్లాడుకున్న ప్రతి మాటా నాకు అర్థమయింది. ఇంకో దారి కూడా ఉందన్నారు. అది తప్పు దారి కాదన్నారు. నన్నెవరూ అడగలేదు."

"అడిగితే ఏం అనేదానివి?"

"తెలీదు. ఆగుతాననే అనేదాన్నేమో. అప్పుడు నేను ఆగినట్టుండేది. మీరు ఆపినట్టుండేది కాదు."

ఈ మాట డాక్టరమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. వారం రోజులు మోసి చెప్పాను. ఆవిడ అప్పుడు పసుపు రంగు ప్లాస్టర్ పళ్ల అచ్చు ఒకటి చేత్తో తిప్పుతూ అంచులు గీకుతున్నారు. గీకడం ఆపి, మళ్లీ గీకి, అచ్చు కింద పెట్టారు.

"ఎముక విషయంలో నేను పొరబడలేదు పైడమ్మా."

"లేదమ్మా. అది కూడా అలా అనలేదు."

"ఎన్ని వందల మంది పిల్లల్ని ఆగమన్నానో. ఎప్పుడూ తల్లికే చెప్పాను. పిల్ల నోట్లో పుల్ల ఉండేది కదా, ఇంకెలా మాట్లాడుతుంది." నవ్వబోయి ఆగిపోయారు. "ఒకసారి రమ్మను. నేను సర్దిచెప్పను. అది చెబుతుంటే కూర్చుని వింటాను."

నేను ఇంటికొచ్చి చెప్పాను. శిరీష "ఠీక్ హై, చూద్దాం" అంది. అప్పుడే కాలేజీలో చేరింది. పరీక్షలు అంది, ఫెస్ట్ అంది. క్లినిక్ రెండు మెట్రో స్టేషన్ల దూరం. నేను బలవంతం చేయలేదు, బలవంతం మీద వచ్చే రాక ఆవిడా కోరుకోలేదు. మరుసటేడు డాక్టరమ్మ మోకాళ్లు మెట్లకి సహకరించక క్లినిక్ మూసేసి రాజమండ్రిలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. లైటు పెట్టె నాకిస్తానన్నారు. మా గదిలో పెట్టే చోటు లేదని వద్దన్నాను. ఫోనులో మాట్లాడినప్పుడల్లా నా చేత వార్తాపత్రికలోని ఒక పేరా పైకి చదివించుకునేవారు. ఒత్తులు మింగితే పట్టుకునేవారు. పెట్టేసే ముందు, "అమ్మాయి ఎలా ఉంది?" అనేవారు. "బావుందమ్మా" అనేదాన్ని. ఆవిడ అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు. వస్తుందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఒక ఉదయం ఆ నంబరు నుంచి ఆవిడ చెల్లెలు మాట్లాడారు. రాత్రి నిద్రలోనే పోయారట. శిరీష అప్పటికి నోయిడాలో ఉద్యోగం చేస్తోంది. సాయంత్రం ఇంటికి వచ్చాక చెప్పాను. బ్యాగు భుజం మీంచి దించకుండానే మంచం అంచున కూర్చుంది. కోపంగా ఉందో, బాధగా ఉందో ఆ ముఖంలో నాకు తెలియలేదు. "వెళ్దామనే అనుకున్నా మమ్మీ. కొన్నాళ్లు పోనీ, కోపం తగ్గాక వెళ్తే మంచిగా మాట్లాడొచ్చు అనుకున్నా" అంది. కోపం పూర్తిగా ఆగేదాకా ఆగిందన్నమాట. ఆగడం అది ఎవరి దగ్గర నేర్చుకుందో నేను పైకి అనలేదు. దాని భుజం మీది బ్యాగు దించి పక్కన పెట్టాను.

నేనే తప్పు చేశాననీ, ఆవిడ తప్పు చేశారనీ, పిల్ల తప్పు చేసిందనీ ఎవరి మీదా వేయలేను. వేయగలిగితే సుఖంగా ఉండేది. నాకు అక్షరం ఇచ్చిన మనిషే నా కూతురి బాల్యం చివరి ఏళ్లను మాకు తెలియకుండానే నిశ్శబ్దం చేసింది, ఆ మనిషే దాని ముఖాన్ని నిలబెట్టింది కూడా. ఒకే చెయ్యి. ఆ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టలేకపోయానే అన్నది మాత్రం నాలో మెత్తబడలేదు. ఏదో ఒక ఆదివారం ఆటో ఎక్కించి ఉంటే ఏమయ్యేది అని ఇప్పటికీ అనుకుంటాను.

మొన్న ఆ మైనం వేడిచేసింది ఘాజియాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్ల కోసం. పన్నెండు, పదమూడు ఉంటాయి. పనిముట్లు తుడిచి గదిలోకి తీసుకెళ్లేసరికి చిన్న డాక్టరు తెర మీద బొమ్మ చూపిస్తూ, దవడ ఇంకా పెరుగుతోంది, కొన్నేళ్లు ఆగాలని తండ్రికి ఇంగ్లీషులో చెబుతున్నాడు. తల్లి తండ్రి ముఖం చూస్తోంది, తండ్రి తెర చూస్తున్నాడు. పిల్ల పైన దీపం చూస్తోంది. నేను ట్రే పక్కన పెట్టి, "డాక్టర్ సాబ్, ఏక్ మినిట్" అన్నాను. ఆయన మంచివాడు, ఆగాడు. స్టూలు లాక్కుని పిల్ల తల దగ్గర కూర్చుని, ఇప్పటిదాకా వీళ్లు మాట్లాడుకున్నది నీకు అర్థమయిందా అని హిందీలో అడిగాను.

పిల్ల తల్లివైపు చూసింది, తండ్రివైపు చూసింది. "థోడా థోడా" అంది.

"ఎంత అర్థమయిందో అంత చెప్పు. తక్కినది డాక్టరుగారు నీకే చెప్తారు. ఆ తరువాత నువ్వేం అనుకుంటున్నావో మేమందరం వింటాం."

చిన్న డాక్టరు తెరను పిల్లవైపు తిప్పాడు. పిల్ల కుర్చీలో లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, మొదట అడిగింది ఇది: "ఆగకపోతే ఏమవుతుంది?"